ఆపరేషన్ సక్సెస్ అన్నంక అసలు లెక్క మొదలైతది

"ఆపరేషన్ సక్సెస్" అని డాక్టర్ బయటికొచ్చి చెప్పంగనే మా చిన్నమ్మ ఆయన కాళ్లు మొక్కింది. మేం నలుగురం ఒకల మొకం ఒకలు చూసుకోని నవ్వినం. ఎవలో పోయి చాయ్ తెచ్చిన్రు. తొమ్మిదో రోజు తెల్లారుగట్ల మా చిన్నబాపు పాణం పోయింది. ఊరికి తీసుకొస్తుంటే అంబులెన్సుల చిన్నమ్మ ఒక్కటే మాట అడిగింది. "సక్సెస్ అన్నడు గద బిడ్డా, మరి ఏమైంది?"

నా దగ్గర జవాబు లేకుండె. ఇది జరిగి ఏడేండ్లాయె. నేను డాక్టర్ను కాను, ఇంటర్ తప్పినోన్ని. ఊర్లోళ్ల ఆరోగ్యశ్రీ కాయితాలు పట్టుకోని దవాఖానల చుట్టు తిరుగుడు నా పని. ఆ తిరుగుడుల సర్జన్లను, సిస్టర్లను అడిగి, రాత్రిపూట డిక్షనరీ పక్కన పెట్టుకోని చదివి, చిన్నమ్మ ప్రశ్నకు జవాబు కొంచెం కొంచెం కూడబెట్టిన. నిరుడు మా వదినకు కూడ పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషనే అయింది. ఆమెకు కూడ అదే గండం వచ్చింది. కాని ఆమె ఇయ్యాల ఇంట్ల బియ్యం చెరుగుతున్నది. ఒకే జబ్బు, ఒకే గండం. ఒకలు పోయిన్రు, ఒకలు బతికిన్రు. నడుమ తేడా ఏందో చెప్తా, ఇనుండ్రి.

గోడ మీది ఫోన్ నంబర్

చిన్నబాపు సిరిసిల్లల సాంచాల మీద పనిచేసేటోడు. వయసు 58. దొడ్డికి పోతే నెత్తురు పడుతున్నదని ఎనిమిది నెలలు ఎవలకూ చెప్పలే. సిగ్గు. ఆఖరికి బస్టాండ్ గోడ మీద 'మూలశంకకు గ్యారంటీ వైద్యం' అని రాసి ఉన్న నంబర్‌కు ఫోన్ చేసిండు. అక్కడ మూడుసార్లు సూదులేసిన్రు, పూసుకునే మందిచ్చిన్రు. నెత్తురు ఆగలే. మనిషి సన్నబడ్డడు. "కారం బంద్ చెయ్యి" అన్నరు. ఓ రాత్రి కడుపు కుండ లెక్క ఉబ్బింది. వాంతులు మొదలైనయి. దొడ్డి లేదు, గాలి లేదు. గడ్డ పెరిగి పేగును మూసేసిందన్నట్టు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్.

ముందుగాల తారీఖు పెట్టుకోని చేసే పేగు ఆపరేషన్ వేరు, పేగు మూసుకపోయినంక అర్ధరాత్రి చేసేది వేరు. రెండోదాంట్ల చావు ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకంటే అప్పటికే ఒంట్ల నీళ్లు లేవు, పేగు ఉబ్బి పల్చబడ్డది, లోపల మలం నిండి ఉన్నది. రక్తం ఎక్కించి, షుగర్ సరిచేసి, మంచిగ తయారుచేసే టైమ్ లేదు. డ్యూటీల ఎవలుంటే వాళ్లే కొయ్యాలె. అంటే చిన్నబాపు తలరాత సగం థియేటర్ల కాదు, ఆ బస్టాండ్ గోడ కాడనే రాసిపెట్టి ఉండె.

వదినకు 46. ఆమెకూ నెత్తురే పడ్డది. కాని పీహెచ్‌సీకి కొత్తగ వచ్చిన డాక్టరమ్మ "మొలలే అయి ఉంటయి, గోలీలు రాస్తా" అనలే. పక్క గదిల పండవెట్టి, గ్లౌజు ఏస్కోని వేలు పెట్టి చూసింది. గడ్డ తాకింది. రెండు నిమిషాల పని. మిషన్ అక్కర లేదు, పైసలు అక్కర లేదు. మలద్వారం నుంచి పైకి సుమారు 15 సెంటీమీటర్ల పేగును పురీషనాళం అంటరు. అందుల కింది భాగంల పెరిగే గడ్డలు చాలామట్టుకు వేలికే తాకుతయి. ఇంకా పైన ఉంటే వేలు అందది, కొలనోస్కోపీ చెయ్యాల్సిందే. చిన్నబాపుది పైన ఉండె.

కాబట్టి గుర్తు పెట్టుకోండ్రి. మొలలు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు, రెండూ ఒకే మనిషిల ఉండొచ్చు. నెత్తురు ఆగకుండ పడుతున్నా, దొడ్డికి పోయే తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండ బరువు తగ్గినా, రక్తం తక్కువైనా కొలనోస్కోపీ అడుగుండ్రి. వయసు 40 దాటితే అసలే ఆగొద్దు. "వేలు పెట్టి చూసిన్రా సార్?" అని అడుగుడు తప్పు కాదు. అసలు అడిగే అవసరమే రావద్దు.

కోసే చెయ్యి

పెద్దపేగు దగ్గర దగ్గర మీటరున్నర పొడుగుంటది. గడ్డ ఉన్న ముక్కను అటు ఇటు మంచి పేగుతో సహా తీసేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుడుతరు. గడ్డతోని పాటు దాని చుట్టు ఉన్న కొవ్వు, అందుల ఉన్న లింఫ్ గ్రంథులు కూడ తియ్యాలె. కనీసం 12 గ్రంథులన్న ల్యాబ్‌ల చూడాలని లెక్క. అంతకంటె తక్కువ చూస్తే జబ్బు ఎంత దూరం పోయిందో ఖాయంగ చెప్పలేం. మీ బయాప్సీ రిపోర్టుల ఈ నంబర్ ఉంటది. చూసుకోండ్రి.

పురీషనాళం ఆపరేషన్ ఇంకా కష్టం. తుంటి ఎముకల నడుమ ఇరుకు జాగ. ఒకప్పుడు ఆపరేషన్ అయినంక అదే జాగల మళ్ల గడ్డ రావుడు మస్తుగ ఉండేది. ఇంగ్లండ్‌ల బేసింగ్‌స్టోక్ అనే ఊరి సర్జన్ బిల్ హీల్డ్ 1982ల ఒక పద్ధతి రాసిండు. పురీషనాళం చుట్టు ఉండే కొవ్వు పొరను చింపకుండ, చేతులతోని పెరుకకుండ, పొట్లం లెక్క నిండుగ తియ్యాలన్నడు. మళ్ల వచ్చుడు బాగ తగ్గింది. నార్వే దేశం 1993 నుంచి తమ సర్జన్లకు ఈ పద్ధతి నేర్పి, ప్రతి పేషెంట్ లెక్క రాసిపెట్టి, ఏ దవాఖానల ఫలితం ఎట్లున్నదో చూసుకున్నది. దేశం మొత్తం ఫలితాలు మెరుగైనయి. మందు మారలే, జబ్బు మారలే. కోసే తీరు, లెక్క రాసే తీరు మారింది.

అవసరమున్న పురీషనాళం గడ్డలకు ముందుగాల రేడియేషన్ ఇచ్చి, గడ్డను కుంగదీసి, అప్పుడు కోస్తరు. వదినకు ఎమ్మారై తీసినంక అట్లనే చేసిన్రు. "ఇంత లేటెందుకు, తొందరగ కోపిద్దాం" అని మా అన్న లొల్లి పెట్టుకున్నడు. ఆ లేటు అవసరమైన లేటు అని ఆయనకు సమజ్ చేసుడు నాకు పెద్ద పనైంది. గోడ మీది నంబర్ కాడ పోయిన ఎనిమిది నెలలు వేరు, ఈ నెలలు వేరు.

ఇంకోటి. ఇసొంటి ఆపరేషన్లు ఎక్కువ చేసే చోట ఫలితాలు మంచిగుంటయని, అందుల పురీషనాళం ఆపరేషన్లకు, మస్తు దేశాల లెక్కలు చెప్తున్నయి. అందుకే "నెలకు ఇవి ఎన్ని చేస్తరు సార్?" అని మర్యాదగ అడుగుండ్రి. మంచి సర్జన్ కోపం చెయ్యడు.

తారీఖుకు ముంగటి నాలుగు వారాలు

తారీఖు పెట్టినంక ఇంట్ల కూసొని భయపడుడు కాదు, చెయ్యాల్సిన పని ఉంటది.

మొదటిది, రక్తం. గడ్డ నుంచి నెత్తురు కారి కారి చాలామందికి రక్తం తక్కువ ఉంటది. అట్లనే కోస్తే గండాలు ఎక్కువ. ముందుగాలనే ఐరన్ గోలీలో, ఐరన్ సిలైనో ఎక్కిస్తే ఆపరేషన్ నాటికి కొంత కోలుకుంటరు.

రెండోది, తిండి. పేగు కుట్టు అతుకాలంటే ఒంట్ల మాంసకృత్తులు ఉండాలె. సన్నబడ్డ మనిషికి కుట్టు అతుకుడు కష్టం, పుండు మానుడు కష్టం. మన ఇండ్లల్ల క్యాన్సర్ అనంగనే గుడ్డు బంద్, మాంసం బంద్, పాలు బంద్ చేసి సప్పిడి గంజి పోస్తరు. ఇది ఉల్టా పని. డాక్టర్ వద్దంటే తప్ప గుడ్డు, పప్పు, పాలు, చేపలు పెట్టుండ్రి.

మూడోది, బీడీ. పొగ నెత్తురు నాళాలను ముడుస్తది, కుట్టుకు రక్తం సరిగ అందది. కనీసం నాలుగు వారాల ముందు బంద్ చేస్తే ఊపిరితిత్తుల గండాలు, పుండు గండాలు తగ్గుతయి. చిన్నబాపు ఎమర్జెన్సీల పోయిండు కాబట్టి ముందు రోజు దాకా బీడీ తాగుతనే ఉండె. ఆ బీడీలు చుట్టింది చిన్నమ్మనే. ఆ మాట ఆమెకు నేను ఎన్నడూ చెప్పలే.

నాలుగోది, షుగర్. ఎక్కువుంటే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. అయిదోది, నడక. రోజూ అరగంట నడిచి, ఊపిరి గట్టిగ పీల్చి వదిలే కసరత్తు చేసిన మనిషి ఆపరేషన్ అయినంక తొందరగ లేస్తడు.

థియేటర్ల అగ్గువ పనులు

పెద్ద మిషన్లు, రోబోలు అని పేపర్ల ఫోటోలు వస్తయి. కాని పాణాలు కాపాడే పనులు కొన్ని మస్తు అగ్గువ. కోసేటందుకు ముందు గంట లోపల యాంటీబయాటిక్ సూది పడాలె. అది చిన్న ముచ్చట, కాని మరిస్తే పుండుకు చీము పడతది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టు తయారుచేసింది. మత్తు ఇచ్చే ముందు, కోసే ముందు, పేషెంట్‌ను బయటికి పంపే ముందు అందరూ ఆగి, పేరేంది, ఏ ఆపరేషన్, సూది పడ్డదా, గుడ్డలు లెక్క సరిపోయిందా అని నోటితోని చెప్పుకోవాలె. 8 నగరాలల్ల పరీక్ష చేసి చూసిన్రు, అందుల మన ఢిల్లీ ఒకటి. 2009ల ఫలితం అచ్చయింది. చావులు నూటికి 1.5 నుంచి 0.8కి, గండాలు నూటికి 11 నుంచి 7కి దిగినయి. ఒక కాయితం, రెండు నిమిషాలు!

ఇంకో ముచ్చట 2022ది. ఇండియాతోని కలిపి 7 దేశాలల్ల, 13 వేల మందికి పైగ కడుపు ఆపరేషన్ పేషెంట్ల మీద చూసిన్రు. కడుపు కుట్టేటందుకు ముందు డాక్టర్లు గ్లౌజులు మార్చి, కొత్త పరికరాలు తీసుకుంటే పుండుకు చీము పట్టుడు నూటికి దగ్గర దగ్గర 19 నుంచి 16కి తగ్గింది. గ్లౌజుల ధర ఎంతనో మీకు ఎరుకే. చీము పడితే పది పదిహేను రోజుల బెడ్డు, మందులు, కూలి పోవుడు. దేంట్ల ఆదా ఉన్నదో లెక్క చేసుకోండ్రి.

ఆరో రోజు

ఇగ అసలు గండం కాడికి వస్తున్న. కలిపి కుట్టిన పేగు కొసలు ఒక్కోసారి అతుకవు. సందుల నుంచి మలం కడుపులకు కారుతది. దీన్నే లీక్ అంటరు. సర్జన్లకు అన్నిట్ల పెద్ద భయం ఇదే. ఎంత మంచి చెయ్యి అయినా, ఎంత పెద్ద దవాఖాన అయినా కొందరికి అయితది. పైన పేగుల కుడితే తక్కువ, మలద్వారానికి దగ్గర్ల కుడితే ఎక్కువ. సాధారణంగ మొదటి వారంల బయటపడతది.

చిన్నబాపుకు ఆరో రోజు నాడి ఉరుకుతున్నది. కడుపు ఉబ్బింది. ఒల్లు కాలుతున్నది. ఏదేదో మాట్లాడుతున్నడు. నలభై మంది పేషెంట్లకు రాత్రి ఒక్క సిస్టర్. చిన్నమ్మ పోయి చెప్తే జ్వరం గోలీ ఇచ్చిన్రు. "పొద్దున రౌండ్ల సార్ చూస్తడు" అన్నరు. ఆ పొద్దున ఆదివారం. సోమవారం స్కాన్ రాసిన్రు. స్కాన్ బయట తీయించుకోని వచ్చే వరకు మనిషి చల్లబడుతుండె. రెండోసారి కడుపు తెరిచిన్రు కాని అప్పటికే విషం ఒల్లంత పాకింది. ఆ సిస్టర్‌ను నేను తప్పు పట్టను. నలభై మందిని ఒక్కతే ఎట్ల చూస్తది?

వదినకు నాలుగో రోజు నాడి ఎక్కువైంది. అంతే, ఇంకేం లేదు. రాత్రి సిస్టర్ చార్టుల రాసి, డ్యూటీ డాక్టర్‌ను లేపింది. రక్తపరీక్షల సీఆర్‌పీ ఎక్కువున్నది. అదే రాత్రి స్కాన్. చిన్న లీక్. ట్యూబు పెట్టి చీము బయటికి తీసిన్రు, యాంటీబయాటిక్ మార్చిన్రు. పైన చిన్నపేగును ముందే సంచిలకు తెరిచి పెట్టిన్రు కాబట్టి కుట్టు మీదికి మలం రావట్లేదు. పదిహేను రోజులకు ఇంటికొచ్చింది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 82 దేశాలల్ల 428 దవాఖానలు, దాదాపు 16 వేల మంది క్యాన్సర్ ఆపరేషన్ పేషెంట్లను చూసిన పరిశోధన 2021ల లాన్సెట్ పత్రికల వచ్చింది. రొమ్ము, కడుపు, పెద్దపేగు క్యాన్సర్లు అందుల ఉన్నయి. బీద దేశాల పేషెంట్లు జబ్బు ముదిరినంకనే వస్తున్నరు. ఆపరేషన్ అయిన నెల లోపల చావులు కూడ అక్కడనే ఎక్కువ. పెద్ద గండం వచ్చినంక చనిపోయే ప్రమాదం కూడ బీద దేశాలల్లనే ఎక్కువ. అంటే గండం రావుడు ఒక ఎత్తు, వచ్చినంక కాపాడలేకపోవుడు ఇంకో ఎత్తు. ఆ రెండోదాంట్ల సర్జన్ చెయ్యి కంటె రాత్రి సిస్టర్, స్కాన్ గది, ఐసీయూ బెడ్డు ఎక్కువ పనిచేస్తయి.

పక్కన కూసునేటోళ్లకు చెప్తున్న. నాడి నిమిషానికి వంద దాటుడు, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుడు, కడుపు ఉబ్బుడు, మూత్రం తగ్గుడు, ఆయాసం, మతి తప్పి మాట్లాడుడు. ఇండ్ల ఏది కనిపించినా పొద్దటి దాకా ఆగొద్దు. డాక్టర్‌ను లేపుండ్రి. తిడితే తిట్టనియ్యుండ్రి.

లే, నడువు, తిను

మనకాడ ఆపరేషన్ అనంగనే రాత్రి నుంచి మంచినీళ్లు బంద్, అయినంక గాలి పోయే దాకా బువ్వ బంద్, కదలొద్దు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్‌లెట్ 1990లల్ల ఇవన్నీ నిజంగ అవసరమా అని ఒక్కొక్కటి పరీక్ష చేసిండు. చాలా వరకు అవసరం లేదని తేలింది. మామూలు పేషెంట్‌కు మత్తుకు 6 గంటల ముందు దాకా తేలిక తిండి, 2 గంటల ముందు దాకా నీళ్లు తాగొచ్చు. సిలైన్లు మితిమీరి ఎక్కిస్తే పేగు వాస్తది. ముక్కుల పైపు అందరికీ అక్కర లేదు. అదే రోజో తెల్లారో కొంచెం కొంచెం తాగుడు, తినుడు మొదలుపెట్టొచ్చు. మంచం దిగి నడిస్తే కాళ్లల్ల రక్తం గడ్డకట్టుడు, ఊపిరితిత్తులకు నిమ్ము పట్టుడు తగ్గుతయి. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు తక్కువ వాడితే పేగు తొందరగ మేల్కొంటది. ఎవలకు ఏది నప్పుతదో డాక్టరే చెప్పాలె. కాని "మా పేషెంట్‌ను ఎప్పుడు నడిపించాలె, ఎప్పుడు తినిపించాలె?" అని మొదటి రోజే అడుగుండ్రి.

సంచి అంటే శిక్ష కాదు

పొట్ట మీద నుంచి మలం సంచిలకు పోయేటట్టు పెట్టేదాన్ని స్టోమా అంటరు. చాలామందికి అది తాత్కాలికం. వదినకు కీమో అయినంక మూసేసిన్రు. కొందరికి జీవితాంతం ఉంటది. వదిన పెట్టుకున్న కొత్తల "నా పక్కన ఎవలు కూసుంటరు" అని ఏడ్చింది. ఆ సంచే ఆమె పాణం నిలిపింది.

ఆ జాగను ఆపరేషన్ ముందే పెన్నుతోని గీయాలె, అదీ మనిషిని కూసోబెట్టి, నిలబెట్టి, వంగబెట్టి చూసి. చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి వచ్చే కాడ పెడితే రోజూ కారుతది, తోలు పుండైతది. చిన్నపేగు సంచి ఉన్నోళ్లకు ఒంట్ల నీళ్లు, ఉప్పు తొందరగ పోతయి. ఉత్త నీళ్లు ఎక్కువ తాగితే సరిపోదు, ఓఆర్ఎస్ తాగాలె. సంచి పదే పదే నిండుతున్నా, మూత్రం తగ్గినా దవాఖానకు పోవాలె. ఆపరేషన్ ఖర్చు స్కీముల పోయింది గాని, మా అన్న నెలనెలా సంచులకు, బస్సులకు, పోయిన కూలికి అప్పు తెచ్చిండు. 2023 డిసెంబర్ల తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలు చేసిన్రు. మంచిదే. కాని మా అన్న తెచ్చిన అప్పు ఆ లెక్కల ఎక్కడా కనిపించది.

ఇంటికొచ్చినంక

కీమో అవసరమైతే ఎనిమిది వారాల లోపల మొదలు కావాలె. "ఆపరేషన్ అయింది గద, ఇగ సాలు" అని ఆగినోళ్లను మస్తు మందిని చూసిన. ఆరు వారాల దాకా బరువులు లేపొద్దు. పురీషనాళం తీసినోళ్లకు దొడ్డికి ఎక్కువసార్లు కావుడు, ఆపుకోలేకపోవుడు నెలల తరబడి ఉంటది. అది సిగ్గుపడేది కాదు, మందులున్నయి, కసరత్తులున్నయి, అడుగుండ్రి. 2025ల ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పేగు క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయిన 889 మందిల సగం మందికి మూడేండ్లు పద్ధతిగ వ్యాయామం చేయించిన్రు. 8 ఏండ్లకు వాళ్లల్ల నూటికి 90 మంది బతికున్నరు, ఉత్త సలహా పుస్తకం ఇచ్చినోళ్లల్ల 83. నడక కూడ మందే.

సర్కారును నేను అడిగేది చంద్రమండలం కాదు. పీహెచ్‌సీల వేలు పెట్టి చూసే డాక్టర్. జిల్లా దవాఖానల నడిచే కొలనోస్కోపీ. వార్డుల రాత్రికి సరిపోయే సిస్టర్లు, ఆదివారం తెరిచుండే స్కాన్ గది. స్కీముల సంచులు. ఏ దవాఖానల ఎంతమందికి కోసిన్రు, ముప్ఫై రోజులకు ఎంతమంది బతికున్రు అని అందరికీ కనిపించే లెక్క. స్కీము పైసలు మనయి, ఆ లెక్క అడిగే హక్కు మనది.

మొన్న చిన్నమ్మ కాడికి పోయి ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పిన. "కోసుడు సక్సెసే చిన్నమ్మా. కోసుటానికి ముందు, కోసినంక, మనకు ఎవలూ లేకుండె." ఆమె చాలాసేపు మాట్లాడలే. తర్వాత "మరి పిలగాని సంగతేంది?" అన్నది. చిన్నబాపు కొడుకుకు ఇప్పుడు 39. తల్లిదండ్రులల్ల ఒకలకు ఈ జబ్బు ఉంటే పిల్లలు 40 ఏండ్లకు, లేకుంటే వాళ్లకు జబ్బు వచ్చిన వయసు కంటె పదేండ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలె. తమ్ముడు ఏడాదిగ రేపు మాపు అంటున్నడు. వచ్చే బుధవారానికి తారీఖు తీసుకున్న. నేనే తోలుకపోత.